నిలబడ్డ లారీకి కూలి ఎవరిస్తారు?

గుంటూరు మిరపయార్డు ముందర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక పూట నిలబడిన వారెవరైనా మొదట తుమ్ముతారు, తరువాత లెక్క పెడతారు. ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఎన్ని లారీలు నిలిచాయి, తేజ రకం ఎంత పలికింది, బాడిగ ఎంత పలికింది అని లెక్క పెడతారు. ఆ లారీల్లో స్టీరింగు ముందు కూర్చున్న మనుషుల గంటలు మాత్రం ఎవరూ లెక్క పెట్టరు. నేను తెలుగు పాఠం చెప్పుకు బ్రతికేవాణ్ణి. ఛందస్సులో గణాలు లెక్కించడం తప్ప మరో లెక్కతో నాకు పని లేదు. అయినా ఈ ఒక్క లెక్క నన్ను కొంతకాలంగా వదలకుండా పట్టుకున్నది. అందుకు కారణం మా కాలేజీ పిల్లలు.

మా కాలేజీకి చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు, మేదరమెట్ల వైపు నుంచి వచ్చే పిల్లలు చాలామంది. కొత్తగా చేరినవారిని "మీ నాన్నగారేం చేస్తారోయ్?" అని అడగడం నాకు అలవాటు. ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురైనా "లారీ అండీ" అంటారు. లారీ వున్నవాడి కొడుకూ "లారీ" అనే అంటాడు, లారీ తోలేవాడి కొడుకూ "లారీ" అనే అంటాడు. చొక్కా చూసి పోల్చుకుందామంటే కుదరదు. అప్పు చేసి ఒక్క బండి కొని, ఆ బండిని తనే తోలుకునేవారు మా వైపు తక్కువేమీ కాదు.

అలాంటి ఒక కుర్రవాణ్ణి, తండ్రి ఊళ్ళో లేక ఏదో కాగితం మీద సంతకం ఆలస్యమైతే, "మీ నాన్నగారు ఎప్పుడొస్తారు?" అని అడిగాను. "తెలియదండీ. ఓనరుగారిని అడిగితే బండి ఎక్కడుందో ఫోనులో చూసి చెబుతారు. నాన్న నిద్రపోయాడో లేదో మాత్రం ఆయనకూ తెలియదు" అన్నాడు. వాడు చమత్కారంగా అన్నమాట కాదది. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

మన పెద్దల కాలంలో ఎడ్లబండి తోలేవాడికి ఈ బాధ లేదు. గుంటూరు పత్తి మిల్లుకో, రేవుకో సరుకు వేసుకుని రాత్రిపూట బయలుదేరితే, బండి క్రింద లాంతరు వ్రేలాడదీసి, గోనెపట్టా కప్పుకుని పడుకునేవాడు. దారి ఎడ్లకు తెలుసు. ఎదురుబండి వస్తే అవే ప్రక్కకు తప్పుకునేవి. తోలేవాడి కునుకులో ప్రమాదం లేకపోగా, అది పనిలో భాగంగానే వుండేది. ఎడ్ల స్థానంలో ఇంజను వచ్చింది. ఇంజనుకు బలం వుంది గాని దారి తెలియదు. ఆ తెలివి మొత్తం తోలేవాడే తన కళ్ళలో పెట్టుకోవాలి. కునుకు తీసే హక్కు ఎడ్లతోబాటే వెళ్ళిపోయింది. దానికి బదులు ఏమిచ్చారన్నదే నా ప్రశ్న.

ఒక టిక్కీ మిరపకాయ ప్రయాణం చూడండి. నలభై కిలోలకు కాస్త అటూ ఇటూగా వుండే బస్తాను మా వైపు టిక్కీ అంటారు. చేలో కాయ కోసిన మనిషికి కూలి వుంది. కల్లంలో కూర్చుని తాలుకాయ వేరు, మేలుకాయ వేరు చేసిన ఆడవాళ్ళకు కూలి వుంది. యార్డులో బస్తా దించిన హమాలీకి బస్తాకింత అని రేటు వుంది. కాటా వేసినవాడికి వుంది. కమీషనుదారుకు నూటికింత వుంది. ధర లేదని కోల్డు స్టోరేజీలో పెడితే వారికి బస్తాకింత అద్దె వుంది. అక్కడ బస్తా ఎన్నాళ్ళు నిద్రపోతే దానికి తగిన లెక్క వుంది. ఈ రేట్లన్నీ వూరకే రాలేదు. హమాలీలు పని ఆపారు, పెద్దలు కూర్చున్నారు, బేరమాడారు, రాసుకున్నారు. మిరపకాయ ఎంతసేపు కదలకుండా పడివున్నా దానికొక వెల కట్టారు. ఆ మిరపకాయ కోసం కదలకుండా కూర్చున్న డ్రైవరుకు మాత్రం వెల కట్టలేదు.

డ్రైవరు జీతం మా ప్రాంతంలో మూడు తీరులుగా నడుస్తుంది. నెలకింత జీతం, పైన రోజుబత్తా అన్నది ఒకటి. ట్రిప్పుకింత అన్నది రెండవది. కిరాయిలో నూటికింత వాటా అన్నది మూడవది. క్లీనరు వుంటే చాలాచోట్ల ఆ వాటాలోనే వాడి తిండీ, వాడి జీతమూ. క్లీనరు అన్నవాడు ఈ మధ్య చాలా బండ్లలో కనిపించడం మానేశాడు. వాడి పని కూడా డ్రైవరు మీదనే పడింది. బత్తా సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. బత్తా అంటే దారిఖర్చు, అంటే తిండికీ టీకీ. కాని ఇంటికి పంపేది చాలాసార్లు ఆ బత్తాలో మిగిల్చిందే. కడుపు ఎంత కట్టుకుంటే అంత సంపాదన అన్నమాట. ఈ మూడు తీరుల్లోనూ సామాన్యమైన సంగతి ఒకటే: చక్రం తిరిగితే డబ్బు, నిలిస్తే లేదు. నెలజీతం వాడికి మాత్రం నిలిచినా జీతం వస్తుంది గదా అనవచ్చు. వస్తుంది, అతనికీ ట్రిప్పులు తగ్గితే బత్తా తగ్గుతుంది, ఆ జీతం చిన్నది, బత్తాయే పెద్దది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక లారీ పొద్దున పది గంటలకు గుంటూరులో లోడుకు వరసలో నిలిచిందనుకోండి. కాటాలు అయ్యేసరికి సాయంత్రం. హమాలీలు ఎత్తి, పట్టా కప్పి, తాడు బిగించి, కాగితాలు చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. గుంటూరు నుంచి చెన్నై సుమారు 400 కిలోమీటర్లు. లోడు బండి గంటకు 40 లెక్కన నడిచినా పది గంటలు. చిలకలూరిపేట దగ్గర పెద్దరోడ్డెక్కి, బొల్లాపల్లి టోల్‌గేటు, ఒంగోలు, టంగుటూరు టోల్‌గేటు, నెల్లూరు దాటి, తెల్లవారి ఏడింటికి చెన్నైలో వుంటాడు, అన్నీ సవ్యంగా జరిగితే. అంటే ముందురోజు పది మొదలు మరునాడు ఏడుదాకా ఇరవైయొక్క గంటలు. అందులో కూలి పడింది చివరి పది గంటలకే. మొదటి పదకొండు గంటలు ఎవరి ఖాతాలోనూ లేవు. పగలు పడుకోవచ్చుగదా అని సులభంగా అనేస్తాం. వరస ఎప్పుడు కదులుతుందో తెలియదు, కదిలినప్పుడు బండి కదపకపోతే వెనకవాడు దూరతాడు. మార్చినెల ఎండలో ఇనుపగదిలాంటి క్యాబినులో నిద్ర ఎలా పడుతుంది? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. మా రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎక్కువ భాగం ఆ తారీఖుకు ముందే పుట్టినవి.

మార్టూరు దగ్గర పెద్దరోడ్డు ప్రక్క ఒక టీకొట్టు ముందు బండి నిలిపిన ఒక డ్రైవరుతో మాట్లాడాను. నా కంటె పదేళ్ళు పెద్ద. ముప్ఫయ్యేళ్ళుగా ఆ రోడ్డు మీదనే వున్నాడు. మిరప, పత్తి బేళ్ళు, పొగాకు, చీమకుర్తి రాయి, అన్నీ మోశాడు.

"మాస్టారూ, బండి తోలడం కష్టమని ఎవరు చెప్పారండీ మీకు? తోలేటప్పుడే మాకు హాయి. ఆగినప్పుడే కష్టం" అన్నాడు.

"ఎనిమిది గంటలకు మించి తోలకూడదని చట్టం వుందటగా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "వుంటే వుండనీయండి. ఎనిమిది గంటలే తోలమంటే ఆనందంగా తోలతాను. మిగతా ట్రిప్పు డబ్బు ఎవరిస్తారో అది కూడా ఆ చట్టంలో రాసివుందేమో చూసి చెప్పండి."

చూశాను. వచ్చిన చట్టభాష కొద్దే అయినా, గ్రాంథికం చదివినవాడికి ఏ భాష అయినా కొంత లొంగుతుంది. చూసిన సంగతులు చెబుతాను.

డ్రైవరు పనిగంటలకు హద్దు అన్నది మన దేశంలో కొత్త మాట కాదు. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం అని ఒకటి చేశారు. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. దూరప్రయాణమైతే అధికారి అనుమతితో పది గంటలు, వారానికి యాభైనాలుగు. ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి. విశ్రాంతితో కలిపి కూడా మొత్తం పని పన్నెండు గంటలలో ముగియాలి. ఈరోజు దిగినప్పటి నుంచి రేపు ఎక్కేదాకా తొమ్మిది గంటలు ఎడతెగని విరామం వుండాలి. హద్దు దాటి పని చేయిస్తే రెట్టింపు కూలి. పైన చెప్పిన గుంటూరు–చెన్నై లారీకి ఈ కొలత వేసి చూడండి. పొద్దున పదింటికి మొదలైన మనిషి రాత్రి పదింటికల్లా దిగిపోవాలి. ఆ వేళకు అతడు చిలకలూరిపేట దగ్గర పెద్దరోడ్డెక్కుతున్నాడు.

1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను కూడా సరుకు బండి నడిపే ఎవరికైనా ఆ 1961 చట్టపు గంటలే అన్నది. అంతేకాదు, గంటలు ముందుగా నిర్ణయించి, వాటిని రాసి వుంచే ఏర్పాటు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వాలకు అధికారం ఇచ్చింది. అంటే పద్దుపుస్తకం అన్న ఊహ చట్టంలో ఎప్పుడో వుంది. పుస్తకమే రోడ్డు మీద కనపడదు. నేను అడిగిన డ్రైవర్లలో ఒక్కరికీ అలాంటిదొకటి వుండవచ్చునన్న సంగతే తెలియదు.

అసలు కిటుకు మరోచోట వుంది. పనిగంట అంటే ఏమిటి? 1961 చట్టం దానికి నిర్వచనం రాసింది. బండి నడుస్తున్నప్పుడు చేసే పని ఒకటి. బండి బాగోగులు, లెక్కలు, సరుకు ఎత్తడం, దించడం లాంటి అనుబంధపు పని రెండవది. మూడవది, బండి బయలుదేరే చోటా చేరే చోటా వూరకే హాజరుగా వుండే సమయం, అదైనా పదిహేను నిమిషాల లోపు వుంటేనే! చదివి నాకు నోట మాట రాలేదు. పద్నాలుగు నిమిషాలు నిలబడితే అది పని. పదకొండు గంటలు నిలబడితే, ఆ మాటను ఉన్నదున్నట్లు పట్టుకున్నవాడి లెక్కలో, పని కాదు. ఆ వాక్యం చదువుతుంటే బస్‌స్టాండు కళ్ళకు కడుతుంది గాని మిరపయార్డు కట్టదు. బస్సు డ్రైవరు అయిదు నిమిషాలు ఆగి టీ త్రాగి బయలుదేరతాడు. పదిహేను దాటితే ఇంటికో, విశ్రాంతిగదికో పోతాడు. లారీ డ్రైవరు ఎక్కడికి పోతాడు? ఇల్లు క్యాబిను, విశ్రాంతిగది క్యాబిను.

నా సంగతే చూడండి. రెండు పీరియడ్ల మధ్య స్టాఫురూములో కూర్చుని వారపత్రికలో సీరియలు చదువుకుంటాను. ఆ గంటకు నా జీతంలో ఎవరూ కోత పెట్టరు, పెట్టకూడదు కూడా. గంట కొట్టగానే లేచి వెళ్ళడానికి సిద్ధంగా వుండడమే నా ఉద్యోగంలో భాగమని లోకం ఒప్పుకున్నది. వరసలో కూర్చున్న డ్రైవరూ గంట కోసమే చూస్తున్నాడు.

ఈ 1961 చట్టం ఇప్పుడు విడిగా లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో దాన్ని కలిపేశారు. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలన్న మాట అలాగే వుంది. మారింది వల కన్ను. పాత చట్టం ఐదుగురు కార్మికులున్న రవాణా సంస్థనుంచి మొదలయ్యేది. కొత్తది పదిమందినుంచి మొదలవుతుంది. ఒక లారీ, రెండు లారీలు పెట్టుకున్న మా వైపు ఓనర్లు పాత వలలోనే పడేవారు కారు. ఇప్పుడు నాలుగైదు లారీలవారు కూడా తేలిగ్గా బయటికి జారిపోతారు.

ఇక యంత్రాల సంగతి. 2021 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, విమానం నడిపేవారికి వున్నట్లే లారీ నడిపేవారికీ గంటలు నిర్ణయించాలని, నిద్ర పసిగట్టే పరికరాలు బండ్లలో పెట్టాలని అన్నారు. అంతకుముందు సంవత్సరం సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ డ్రైవర్లను విచారించి ప్రకటించిన నివేదికలో, సగటున రోజుకు సుమారు పన్నెండు గంటలు తోలుతున్నారని, దాదాపు సగంమంది అలసటగా వున్నా నిద్ర వస్తున్నా తోలుతామని ఒప్పుకున్నారని వుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. అందులో నిద్రమత్తు వాటా ఎంతో వేరుచేయడం కష్టం, ఎందుకంటే నిద్ర సాక్ష్యం చెప్పదు.

కాబట్టి పరికరం పెట్టండి, పద్దు దానంతట అదే రాసుకుంటుంది అంటే వినడానికి బాగానే వుంది. అయితే మన లారీల్లో పద్దు ఇప్పటికే పడుతూ వుంది సుమండీ! ఓనరు పెట్టించిన జీపీయస్ డబ్బా వుంది. బండి ఆగితే ఆయన ఫోను మ్రోగుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. బొల్లాపల్లిలో గేటు లేవగానే డబ్బు కట్ అయినట్లు, ఫలానా నిమిషానికి అని, ఓనరుకు కబురు పోతుంది. టంగుటూరులో మళ్ళీ పోతుంది. రెండు కబుర్ల మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తే డ్రైవరు టీకి ఎంతసేపు ఆగాడో కూడా తెలుస్తుంది. "ఒంగోలులో ముప్పావుగంట ఏం చేశావ్?" అని అడిగే ఓనర్లున్నారు. "గుంటూరులో పదకొండు గంటలు ఏం చేశావ్?" అని అడిగే ఓనరు లేడు, అడిగితే డబ్బు ఇవ్వవలసి వస్తుంది గనుక.

మరొక పద్దు సరుకుకు వుంది. 2018 ఏప్రిల్ 1 నుంచి యాభైవేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ–వే బిల్లు వుండాలి. మొదట నూరు కిలోమీటర్లకు ఒకరోజు గడువు ఇచ్చేవారు, 2021 జనవరి 1 నుంచి రెండువందల కిలోమీటర్లకు ఒకరోజు చేశారు. గుంటూరు నుంచి హైదరాబాదు, నాగపూరు మీదుగా ఢిల్లీ సుమారు 1,800 కిలోమీటర్లు. అంటే మిరపకాయకు ప్రభుత్వం తొమ్మిది రోజులు గడువు ఇచ్చింది. వ్యాపారి, బ్రోకరు కలిసి డ్రైవరుకు అందులో సగం కూడా ఇవ్వరు. మిరపకాయ ప్రయాణానికి ప్రభుత్వం కల్పించిన తీరుబడి మనిషికి రాకపోవడం విడ్డూరంగా లేదూ?

పరికరం ఒక్కటే పెడితే ఏమవుతుందో అమెరికా చూపించింది. ఆ దేశంలో లారీ డ్రైవర్ల గంటలకు హద్దులు 1930ల చివరనుంచి వున్నాయి. ఇప్పటి నియమం ప్రకారం, పది గంటల విశ్రాంతి తరువాత పద్నాలుగు గంటల వ్యవధిలో పదకొండు గంటలే తోలాలి. చాలాకాలం కాగితపు పుస్తకాల్లో రాసేవారు. ఆ రాతలో నిజం ఎంతో తెలిసిన డ్రైవర్లే వాటిని బొమ్మలకథల పుస్తకాలని ఎగతాళి చేసేవారు. 2017 డిసెంబరు 18 నుంచి ఇంజనుకు తగిలించే ఎలక్ట్రానిక్ పద్దుయంత్రం చాలా లారీలకు తప్పనిసరి చేశారు. తరువాత పరిశోధకులు లెక్కలు తీశారు. గంటల నియమం పాటించడం బాగా పెరిగింది. చిన్న సంస్థల లారీలకు ప్రమాదాలు మాత్రం తగ్గలేదు, వేగం మీరిన కేసులు పెరిగాయి. ఎందుకంటే అక్కడా డ్రైవర్లలో చాలామందికి మైలుకింత అని కూలి. గిడ్డంగి దగ్గర నాలుగు గంటలు పోతే పద్నాలుగు గంటల గడియారం మాత్రం ఆగదు. మిగిలిన గంటల్లో మైళ్ళు దొరకాలంటే పెడలు నొక్కాలి. గంట దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్న 1938 నాటి అక్కడి చట్టం నుంచి కూడా లారీ డ్రైవర్లలో చాలామందిని మినహాయించారు. గడియారం తెచ్చారు గాని కూలి తీరు మార్చలేదు. అదే యంత్రాన్ని మనం ఎత్తుకొచ్చి మార్టూరు రోడ్డు మీద పెడితే ఫలితం ఇంకెలా వుంటుంది?

ఓనర్లను తిట్టి ఊరుకుందామా అంటే మనస్సు ఒప్పదు. మా వీధిలోనే వున్నారొకరు, రెండు లారీల ఆసామి. ఆయన గదిలో గోడమీద వేంకటేశ్వరస్వామి పటం ప్రక్కన కిస్తీల తారీఖులు రాసిన క్యాలెండరు వుంటుంది. "మాస్టారూ, డీజిలు రేటు నా చేతుల్లో లేదు, టోలు నా చేతుల్లో లేదు, కిరాయి బ్రోకరు చేతుల్లో వుంది. తిరుగులోడు దొరక్కపోతే ఖాళీగా రావాలి. నా చేతుల్లో వున్నది ఒక్క డ్రైవరు బత్తాయే" అన్నారాయన. ఆయన చెప్పింది నిజమే, ఆ నిజంలోనే అన్యాయమంతా వుంది. హాల్టింగు ఛార్జీ అని ఈ వ్యాపారంలో ఒక మాట వున్నది. సరుకు దించుకోవడం ఆలస్యమైతే రోజుకింత అని లారీ ఆఫీసు కాగితాల మీద వుంటుంది. అడగండి అన్నాను. "అడిగితే మర్నాడు మరో లారీని పిలుస్తారు" అన్నారు. దక్కినప్పుడు డ్రైవరుకు అందులో వాటా ఇస్తారా అంటే ఆయన టీ తెప్పించారు.

డ్రైవర్లు సంఘటితం కాలేరా అంటే, అవుతారు. 2024 జనవరి మొదటి రెండు రోజులు గుర్తున్నాయి గదా. ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ళదాకా జైలు అన్న కొత్త న్యాయసంహిత 106వ సెక్షను మీద దేశమంతటా లారీలు ఆగాయి, పెట్రోలు బంకుల దగ్గర మనమంతా వరసలో నిలబడ్డాం. చర్చించకుండా అమలు చేయబోమని జనవరి 2న ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ సంహిత జూలై 1న అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపసెక్షనును ప్రక్కన పెట్టారు. శిక్ష విషయంలో రెండు రోజుల్లో కదిలిన దేశం, ఆ శిక్షకు దారితీసే నిద్రలేమి విషయంలో అంత కదల్లేదు. ఆ రెండు రోజులు వరసలో నిలబడడం మనకు ఎంత చిరాకనిపించిందో మాత్రం నాకు బాగా జ్ఞాపకం.

నేను తెలుగువాణ్ణి కాబట్టి భారతం దగ్గరకు పోకుండా వుండలేను. అరణ్యపర్వంలో నలుడు బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలే కొలువులో వుంటాడు. దమయంతి రెండో స్వయంవరమని కబురు వస్తుంది. ఒక్కరోజులో విదర్భ చేరాలి. ఓనరు గడువు పెట్టాడు, డ్రైవరు తోలాడు. రాజుగారి పైబట్ట జారిపడితే ఆపమంటాడు. అది ఎప్పుడో వెనకబడిపోయిందంటాడు బాహుకుడు. అంత వేగం! ఆ దారిలో తాండ్రచెట్టు దగ్గర రాజు కాయలూ ఆకులూ చూపుతో లెక్క చెబుతాడు. బాహుకుడు బండి ఆపేసి, దిగి, ఆ లెక్క సరిచూస్తేగాని కదలనంటాడు. తొందరలో వున్నా రాజు ఒప్పుకోక తప్పలేదు. చివరకు అశ్వవిద్యకు బదులుగా రాజు అతనికి ఇచ్చింది అక్షహృదయం, లెక్కల విద్య. ఆ పనిలోని అంకెలు తోలేవాడి చేతికి కూడా రావడమన్నది ఆ కథలో నాకు నచ్చిన భాగం. ఇప్పటి బాహుకుడి బండిలో డబ్బాలన్నీ వున్నాయి, వాటిలోని అంకెలు మాత్రం రాజుగారి ఫోనులో వున్నాయి.

నాకు తోచినది చాలా చిన్నది. కొత్త యంత్రం కొనవద్దు. యార్డుకూ, కోల్డు స్టోరేజీకీ, జిన్నింగు మిల్లుకూ గేటు వుంది. గేటు దగ్గర పుస్తకమో కంప్యూటరో వుంది. లారీ లోపలికి వచ్చిన వేళ, బయటికి పోయిన వేళ రాసే వుంటాయి. ఆ రెండు వేళల మధ్య మొదటి రెండు మూడు గంటలు ఎత్తడానికి అవసరమని వదిలేద్దాం. మిగిలిన ప్రతి గంటకూ సరుకు పంపేవాడో, దించుకునేవాడో ఇంత అని ఇవ్వాలి, అది డ్రైవరు పేరనే పడాలి. హమాలీ రేటు నిర్ణయించే చోటనే ఈ రేటు కూడా నిర్ణయించవచ్చు. నిలబెట్టడానికి ఖర్చు అవుతుందని తెలిస్తే నిలబెట్టేవారు తగ్గుతారు. అప్పుడు ఎనిమిది గంటల నియమం పెట్టండి, పద్దుయంత్రం పెట్టండి, నిద్ర పసిగట్టే కన్ను పెట్టండి. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీదా, పెద్దరోడ్డు మీదా నీడా నీళ్ళూ కాపలా వున్న లారీ మజిలీలు నాలుగు కట్టండి. పడుకునే చోటు చూపకుండా పడుకొమ్మని శాసించడం ఏం శాసనం?

దీనికి అడ్డు చెప్పేవారి మాటలు నాకు తెలుసు. రైతు మీద భారం పడుతుందంటారు. నాకూ ఆ భయం వుంది. మా తాతల భూమి కూడా నల్లరేగడే, మిరపధర పడిపోయిన ఏడాది ఇంట్లో అన్నం ఎలా సహించదో నాకు తెలుసు. కాని ఒక లారీలో వందల కొద్దీ టిక్కీలు పోతాయి. నాలుగైదు గంటల నిరీక్షణకు కూలిపని మనిషికిచ్చే లెక్కన ఇచ్చి, దాన్ని ఆ టిక్కీలకు పంచితే ఒక్కొక్క దానిమీద ఎంత పడుతుందో కూడికలు వచ్చిన ఎవరైనా కట్టుకోవచ్చు. మచ్చు కోసమని బస్తాలోంచి తీసిన కాయలు తిరిగి బస్తాలోకి పోతున్నాయా లేదా అని రైతు చూసుకుంటే దానికంటె ఎక్కువే మిగులుతుంది.

జనవరిలో ఒక పత్తి మిల్లు గేటు దగ్గర గుమస్తా నాకు ఆ పుస్తకం చూపించాడు. బేళ్ళు ఒక్కొక్కటి 170 కిలోలు, అవి ఎన్ని, లారీ నంబరు, వచ్చిన వేళ, పోయిన వేళ, పట్టా వుందా లేదా, అన్నిటికీ గళ్ళు గీసివున్నాయి. ఆ రోజు పేజీలో ఒక లారీ ముందురోజు సాయంత్రం 4–20కి వచ్చి ఇంకా లోపలే వుంది. డ్రైవరు పేరుకు గడి లేదేమని అడిగాను. "బండి నంబరు వుంటే చాలు గదండీ, డ్రైవర్లు మారుతూ వుంటారు" అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఆ బండి క్రింద, రెండు చక్రాల మధ్య నీడలో, తువ్వాలు పరుచుకుని ఒక మనిషి పడుకుని వున్నాడు. ఇంతలో కాటా దగ్గరనుంచి ఎవరో నంబరు పిలిచారు. అతను లేచి, తువ్వాలు దులుపుకుని, క్యాబినెక్కాడు. గుమస్తా గోడ గడియారం చూసి, ఆ వరసలో 11–45 అని వేశాడు.